చిన్ననాటి చలిని పెంచి పోషించే విధానం

ఏటా నవంబరు ఆఖరున "లంబసింగిలో సింగిల్ డిజిట్ ఉష్ణోగ్రత" అని పేపర్లో పడగానే మాలో కొందరికి పూనకం వస్తుంది. మేమంతా చిన్నప్పుడు పాడేరు, చింతపల్లి, అరకు వైపు పెరిగినవాళ్లం. నాన్నలకు ఏజెన్సీ బదిలీ అయితే కొండెక్కి, ఇంకో బదిలీ రాగానే దిగిపోయిన బాపతు. ఇప్పుడు విశాఖలోనో హైదరాబాదులోనో ఫ్యాను కింద కూర్చుని, "ఇదీ ఒక చలేనా?" అని మొదలుపెడతాం. నేనూ ఆ ముఠాలోవాణ్ణే. ఈ విద్యలోకి కొత్తగా దిగేవాళ్లకు పనికొస్తాయని కొన్ని సూచనలు రాస్తున్నాను.

ముందు కాశ్మీరు. "ఆంధ్రా కాశ్మీర్" అన్నది మొదటి వాక్యంలోనే పడిపోవాలి. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంది, లంబసింగి సుమారు వెయ్యి మీటర్లే, పైగా కర్కట రేఖకు బాగా ఇవతల. విన్నవాళ్లలో సోషల్ మాస్టారెవరైనా ఉంటే ఆయన్ని టీకి పంపించి అప్పుడు చెప్పండి.

తర్వాత సాక్ష్యం. "మా ఇంట్లో సీసాలో కొబ్బరినూనె రాయిలా గడ్డకట్టేది, పొయ్యి పక్కన పెడితేగానీ తలకు రాసుకోలేకపోయేవాళ్లం" అనండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలుపెడుతుందని, డిసెంబరు పొద్దున విశాఖ బీచి రోడ్డులో కూడా గడ్డకడుతుందని ఎవరికీ గుర్తుండదు.

అసలు కిటుకంతా డిగ్రీల్లో ఉంది. వాటిని మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. పెళ్లైన కొత్తలో మా ఆవిడకు చింతపల్లిలో ఎనిమిది డిగ్రీలుండేదని చెప్పాను. పెద్దవాడు పుట్టాక ఐదైంది. వాడు ఇంజినీరింగులో చేరేసరికి రెండుకి వచ్చాం. పోయిన సంక్రాంతికి మా బావమరిది ముందు సున్నా అనబోతుంటే మా ఆవిడ వంటింట్లోంచి, "ఏవండీ, కాస్త ఆగండి, రేపు మనవలకి మైనస్‌లో చెబుదురుగాని" అంది.

ఇలాంటప్పుడు శాస్త్రం అక్కరకొస్తుంది. పేపర్లో వచ్చే అంకె చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైనది. అక్కడ థర్మామీటరుని గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున పెడతారు. మబ్బూ గాలీ లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. దాన్ని అంటిపెట్టుకున్న గాలి ముందుగా చల్లబడుతుంది కాబట్టి, గడ్డి మీద ఆ పెట్టెలో కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. ఆ చల్లగాలి బరువెక్కి, కొండవాలు మీదుగా నీళ్లలా జారి లోయ అడుగున నిలవుంటుంది. వాలు మీద ఊరికన్నా పల్లంలో ఊరు ఎక్కువ వణికేది, పొద్దున్నే పొగమంచు ముందుగా పట్టేది అందుకే. కాబట్టి ఎవరైనా రికార్డులు తీస్తే, "మేం పడుకున్నది ఆ పెట్టెలో కాదు బాబూ, నేల మీద చాప వేసుకుని" అనేయండి. చదువుకున్నవాడు కూడా తగ్గుతాడు. (ఇంటి కప్పు కింద ఈ లెక్క చెల్లదు. ఆ సంగతి అతనికి తట్టేలోపు మాట మార్చాలి.)

రైలు సంగతొస్తే కొత్తవలస–కిరండూల్ లైనులో సొరంగాలు 58 అనండి. నిద్రపోకుండా లెక్కపెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

వలిసె పూలు పసుపు తివాచీ అనే చెప్పాలి. నూనె గింజల పంట అంటే అందం పోతుంది.

మలేరియా ఊసు మాత్రం ఎత్తకండి. ఏజెన్సీ బదిలీ అనగానే ఉద్యోగుల ఇళ్లలో ఏడుపులు లేచింది చలికి కాదు, దానికే. గోడలకి డీడీటీ కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లేవాళ్లు. క్లోరోక్విన్ మాత్ర చేదు ఇప్పటికీ నాలిక మీదే ఉంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడిన రాత్రి గురించి నేను చాలామందికి చెప్పాను. ఒక పెళ్లిలో అదే చెబుతుంటే మా అమ్మ, "ఆ రాత్రి నీకు నూట మూడు జ్వరం కదరా" అంది. అప్పట్నుంచి ఆ కథ అమ్మ లేనిచోటే.

ఇంకొకటి. కథలో మీరు తప్ప మనుషులు ఉండకూడదు. కొండలు, మబ్బులు, నెగడు ఉంటే చాలు. నెగడుకి కట్టెలెక్కడివని ఎవరైనా అడిగితే, తెల్లారకముందే మోపు నెత్తిన పెట్టుకుని దిగొచ్చి మా వీధిలో అమ్మిన ఆడవాళ్ల గురించి చెప్పాల్సొస్తుంది. కాఫీ పళ్లు కోతకొచ్చేదీ ఈ చలిలోనే. మంచుకి తడిసిన కొమ్మల్లో చెయ్యిపెట్టి కోసేదీ వాళ్లే. నాకు అమ్మ అల్లిన ఊలు స్వెట్టరు, చెవులకి మఫ్లరు ఉండేవి. బళ్లో నా పక్కన కూర్చున్న కుర్రాడికి పలచటి చొక్కా ఒక్కటే. చేతులు రెండూ చంకల్లో దోపుకుని, ఎండ కిటికీలోకి వచ్చేదాకా పలక ముట్టేవాడు కాదు. దానికి దెబ్బలు కూడా తినేవాడు. నేను చెప్పే కథలో ఆ చలి కూడా నా ఖాతాలోనే పడింది.

పిల్లల్ని వంజంగి కొండకి తీసుకెళ్లినప్పుడు, చీకట్లోనే బారులు తీరిన కార్లని చూసి, "మా రోజుల్లో ఇంత జనం ఏరీ!" అని నిట్టూర్చండి. మీ కారు కూడా ఆ వరసలోనే ఉందన్నది అప్రస్తుతం. ఆ వేళకి చిన్నప్పుడు మేమెవరం నిద్రలేచిన పాపాన పోలేదన్నది మరీ అప్రస్తుతం.

ఈ శీతాకాలం మీరూ వెళ్తుంటే ఒక్క మాట. పాడేరులో జీపు మాట్లాడుకుంటే, నడిపేది చాలావరకు ఆ చుట్టుపక్కల కుర్రాడే అయివుంటాడు. చిన్నప్పుడు డిసెంబరులో బడికెలా వెళ్లేవాడో అతన్ని అడగండి. అతను చెప్పడం పూర్తయ్యేదాకా మీ కొబ్బరినూనె సీసా బయటికి తీయకండి. స్వెట్టరు మాత్రం మరిచిపోవద్దు, అక్కడ చలి నిజంగానే ఎక్కువ.