ఎర్రర్ పోయింది, దుర్గ కూడా పోయింది

కోడింగ్ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడికి మన గురువులూ, సీనియర్లూ, ఈమధ్య చాట్‌బాట్‌లూ ముక్తకంఠంతో ఉపదేశించే తారకమంత్రం ఒక్కటే: ‘ముందు ఎర్రర్ పోగొట్టు.’ అది ఎందుకొచ్చింది, ఏం చెబుతోంది అని ఆరా తీయడం పనీపాటా లేనివాళ్ల వ్యవహారం. తెర మీద ఎర్ర అక్షరాలు కనబడకపోతే బండి నడిచినట్టే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ఈ మంత్రం పుచ్చుకున్నవాడు డల్లాస్ వెళ్లినా మరిచిపోడు.

మంత్రమహిమ చూడాలంటే పాండాస్‌లో ఒక చిన్న పట్టిక కడితే చాలు. 2008లో వెస్ మెకిన్నీ ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూ మొదలుపెట్టిన పైథాన్ లైబ్రరీ ఇది. డబ్బు లెక్కల మధ్య పుట్టింది కాబట్టి కాబోలు, కొన్ని తప్పుల దగ్గర మొహమాటం లేకుండా అడ్డం తిరుగుతుంది.

ఒక లిస్టులో నలుగురు పిల్లల పేర్లు: రమ, సలీం, కోటి, దుర్గ. రెండో లిస్టులో మార్కులు: 72, 88, 41. పరీక్ష రోజు సలీంకు జ్వరం కాబట్టి మూడే. 88 కోటివి, 41 దుర్గవి. రెండు లిస్టుల్నీ డిక్షనరీలో పెట్టి డేటాఫ్రేమ్ చేయమంటే పాండాస్ వాల్యూఎర్రర్ ఇస్తుంది: అన్ని వరుసల పొడవూ ఒకటే ఉండాలి, నీవి లేవు. ఎవరో తప్పిపోయారు, చూసుకో నాయనా అని దాని భావం. ఇంతకంటే మర్యాదగా ఏ గుమాస్తా చెబుతాడు?

‘అదేం కాదు తమ్ముడూ, జిప్ కొట్టెయ్’ అంటాడు సీనియర్. కొట్టేస్తాడు. ఎర్రర్ మాయం. పట్టిక ముచ్చటగా వస్తుంది: రమకు 72, సలీంకు 88, కోటికి 41. లిస్టుల్ని జతలు కట్టే ఈ జిప్, పొట్టి లిస్టు అయిపోగానే ఆగిపోతుంది, మిగిలినవాళ్ల గురించి నోరెత్తదు. పరీక్షే రాయని సలీంకు డిస్టింక్షన్ వచ్చింది. కోటికి దుర్గ మార్కులు అంటగట్టారు. దుర్గ అనే పిల్ల అసలు బడిలోనే లేదు.

రెండో సంప్రదాయం వారు దయగలవాళ్లు, ఎవరినీ వదలరు. పొట్టి లిస్టు చివర ఒక సున్నా తగిలిస్తారు. పొడవులు సరిపోయాయి, దుర్గ తిరిగొచ్చింది, సున్నా మార్కులతో. సలీం 88 మాత్రం చెక్కుచెదరలేదు.

మూడో వర్గం డిక్షనరీ జోలికే పోదు. రెండు లిస్టుల్నీ ఇంకో లిస్టులో కుక్కి ఇచ్చేస్తుంది. లోపలి ఒక్కో లిస్టునూ పాండాస్ ఒక్కో అడ్డువరుసగా తీసుకుంటుంది కాబట్టి పేర్లన్నీ పైన, మార్కులన్నీ కింద పడుకుంటాయి. తక్కువైన చోట అదే ఖాళీ పెట్టుకుంటుంది, కిక్కురుమనదు. పట్టిక అడ్డంగా వచ్చిందేమిటంటే, చివర చుక్క పెట్టి టి తగిలించమంటారు. నిలువుగా తిరుగుతుంది. ఇప్పుడు జ్వరం దుర్గకొచ్చింది.

మార్కులకు కోట్స్ తగిలించి అక్షరాలుగా మార్చినవాడి వైభవం వేరు. మొత్తం కూడమంటే 728841 వస్తుంది. ర్యాంకులు వేయమంటే 9 తెచ్చుకున్నవాడు 100 తెచ్చుకున్నవాడి నెత్తినెక్కుతాడు. అంకెలుగా మార్చబోతే ఎక్కడో ఎర్రర్. దానికి ‘కొయెర్స్’ అనే రామబాణం ఉంది. అంకె కానిదల్లా ఖాళీ అయిపోతుంది. ‘ఆబ్సెంట్’ అని రాసినదీ ఖాళీయే, 80లో సున్నాకు బదులు ఓ అక్షరం పడినదీ ఖాళీయే. సగటు తీసేటప్పుడు ఖాళీలను లెక్కలోకి తీసుకోరు గనక క్లాసు సగటు కూడా నదురుగానే వస్తుంది.

ఇవేవీ పనిచేయకపోతే మోక్షమార్గం ఉండనే ఉంది. అంతటినీ ట్రైలో పెట్టి, ఎక్సెప్ట్ కింద పాస్ అని రాయడం. పిల్లలు పాసైనా కాకపోయినా ప్రోగ్రాం పాసవుతుంది. మొరిగే కుక్క మూతి కట్టేసి, ఊళ్లో దొంగలు లేరని దండోరా వేయించడం ఇదే.

‘బిగినర్లు కదండీ, మొదట ఏదో ఒకటి రన్ అవ్వాలి, అప్పుడే ఉత్సాహం’ అని వీరి వాదన. సరే, ఉత్సాహవంతులు పెద్దయ్యాక ఏం చేస్తారు? 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ, ల్యాబుల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను పాతకాలపు ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించింది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు పట్టేవి 65,536 వరుసలే. ఆపైవి రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను వెతకడమూ ఆలస్యమైంది. అక్కడ ఎర్రర్ పోగొట్టాల్సిన శ్రమ కూడా ఎవరికీ కలగలేదు.

ఇంతకీ చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. రెండు లిస్టుల మీదా పొడవు చెప్పే లెన్ వేస్తే 4, 3 అని తేలిపోతుంది. ఆ తక్కువైనది ఎవరిదో తెలియాలంటే హాజరుపట్టీ తెరవాలి, దానికి లైబ్రరీ లేదు. జిప్ వాడక తప్పదంటే, 2021లో విడుదలైన పైథాన్ 3.10 నుంచి ‘స్ట్రిక్ట్’ అనే సదుపాయం ఉంది. అది ట్రూ అని పెడితే పొడవులు కుదరనప్పుడు జిప్ కూడా నోరు విప్పుతుంది. అన్నిటికంటే మేలు, పేరునూ మార్కునూ వేరుకాపురం పెట్టించకుండా పిల్లవాడికో డిక్షనరీ చొప్పున రాసుకోవడం. అప్పుడు ఖాళీ సలీం వరుసలోనే కనబడుతుంది, కోటి 88 కోటికే దక్కుతుంది.

అయినా ఇంత ఓపిక ఎవరికుంది? కాబట్టి ఇకమీదట ఎవరైనా ‘ఎర్రర్ పోయింది సార్’ అని సంబరంగా వస్తే చప్పట్లు కొట్టండి. కొట్టాక, పోతూ పోతూ ఎవరిని వెంట తీసుకుపోయిందో మాత్రం అడగండి.