ఒకటో ర్యాంకు బావగారు

వేసవి సెలవుల్లో పిల్లలంతా మా ఇంట్లో దిగారు. పాత కంప్యూటరొకటి దులిపి, వాళ్ళకోసం మైన్‌క్రాఫ్ట్ సర్వరు పెట్టాను. పెట్టిన పది నిమిషాలకే మా అక్క కొడుకు చింటూ వచ్చి, "మామయ్యా, నన్ను ఆప్ చెయ్యవూ" అన్నాడు. ఆప్ అంటే ఆపరేటరు, ఆ లోకానికి అధికారి. చేశాను. వాణ్ణి చేస్తే మా అమ్మాయి ఊరుకుంటుందా? దాన్ని చేస్తే తమ్ముడి కొడుకు, ఆరేళ్ళ బుజ్జిగాడు ఏడవడూ? పెళ్ళిలో బట్టలు పెట్టినట్టు వరసగా అందరికీ పెట్టేశాను.

ఆప్‌లలో నాలుగు స్థాయిలున్నాయనీ, మనం నోరు విప్పి చెప్పకపోతే సర్వరు ఇచ్చేది నాలుగోదేననీ నాకప్పుడు తెలీదు. నాలుగంటే అన్నిటికన్నా పెద్దది. మనకి నీళ్ళ కుళాయి కనెక్షన్ కావాలంటే నాలుగు సంతకాలు కావాలి. అక్కడ ఆరేళ్ళవాడికి అడగ్గానే సర్వాధికారం!

అరగంటలో సర్వరు పడిపోయింది. కరెంటు ఉంది, నెట్ ఉంది. విచారణలో తేలిందేమిటంటే, మా అమ్మాయి చెక్కకత్తి పట్టుకుని వెంటపడుతుంటే బుజ్జిగాడు తనకి స్పెల్లింగు వచ్చిన ఇంగ్లీషు మాటొకటి కొట్టాడు. స్టాప్. అందరూ కొడుతున్నారు కదా అని ముందొక ఏటవాలు గీత కూడా పెట్టాడు. వాడు ఆగమన్నది అక్కని. ఆగింది లోకం.

ఆ రాత్రి ఆప్స్ జేసన్ అనే ఫైలు తెరిచి పదవుల పంపకానికి కూర్చున్నాను. రెండో స్థాయివాళ్ళు వస్తువులు సృష్టించుకోవచ్చు, ఎక్కడికంటే అక్కడికి ఎగిరిపోవచ్చు, వాన ఆపొచ్చు. అది మా అమ్మాయికి. మూడో స్థాయివాళ్ళు మనుషుల్ని గెంటేయొచ్చు, నిషేధించొచ్చు, కొత్త ఆప్‌లని కూడా చేయొచ్చు. అది చింటూకి. బుజ్జిగాడి పేరు కొట్టేశాను. నాలుగు నాకు. తృప్తిగా పడుకున్నాను.

పొద్దున లేచేసరికి చింటూ స్నేహితుడొకడు నాలుగో స్థాయిలో వెలిగిపోతున్నాడు. చింటూ చేసిన ఘనకార్యమే. మూడోవాడు ఆప్ చేసినా, కొత్తవాడికి దక్కేది సర్వరు ప్రాపర్టీస్‌లో రాసున్న అంకె. అక్కడ నాలుగు నాలుగులాగే ఉంది, మార్చడం నేను మరిచాను. గుమాస్తా సంతకంతో కలెక్టరు తయారయ్యాడన్నమాట.

కౌంటర్ స్ట్రైక్ సర్వర్లకి వాడే సోర్స్‌మాడ్‌లో ఇంత అన్యాయం లేదు. అక్కడ ఒక్కో అధికారానికీ ఒక్కో ఇంగ్లీషు అక్షరం. సి ఉంటే గెంటొచ్చు, డి ఉంటే నిషేధించొచ్చు, జెడ్ ఉంటే ఇంకే అక్షరమూ అక్కర్లేదు. దానిమీద ఇమ్యూనిటీ అని మళ్ళీ ఒక అంకె. అది తక్కువున్నవాడు ఎక్కువున్నవాడి జోలికి పోలేడు. మా ఇంట్లో భోజనాల బంతి నడిచేది దాదాపు ఈ పద్ధతిలోనే.

ఇంతలో బావగారు దిగారు. పిల్లల్ని తీసుకెళ్దామని వచ్చి, సంగతి విని, "ఏమోయ్, అందరికీ ఏదో ఇచ్చావట. ఇంటల్లుణ్ణి, నాకేం లేదా?" అన్నారు. ఆయనకి ఆట రాదు. మౌసు పట్టుకుంటే ఆవులు చస్తాయి. కాదంటే అక్క ముఖం చూడలేను. బాగా ఆలోచించి ఒకటో స్థాయి ఇచ్చాను.

దాని కథేమిటంటే, కొత్తగా వచ్చినవాళ్ళు కాలుపెట్టే చోటు చుట్టూ 33 గడుల పొడవు, అంతే వెడల్పు నేలని సర్వరు కాపలా కాస్తుంది. ఆప్ కానివాళ్ళు అక్కడ గడ్డిపోచ పీకలేరు. ఒకటోవాడికి అక్కడ తవ్వుకునే హక్కుంటుంది. అంతకుమించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

"ఎన్నో స్థాయి?" అన్నారు.

"ఒకటి, బావగారూ."

ఆయన ముఖం విప్పారింది. 1995లో ఎంసెట్ రాసిన మనిషి. ఆ ర్యాంకు ఎంతో ఇప్పటికీ అక్కక్కూడా చెప్పలేదు. "చింటూగాడికెంత?" అన్నారు. మూడన్నాను. "నీకు?" నాలుగన్నాను. నా భుజం తట్టి, "పరవాలేదోయ్, బాధపడకు" అన్నారు.

ఆ సాయంత్రం నుంచీ ఆయన సరిగ్గా గుమ్మంలో నుయ్యి తవ్వుతున్నారు. బుజ్జిగాడు అందులో రోజుకి మూడుసార్లు పడుతున్నాడు. ఊరెళ్ళే ముందు చింటూని పిలిచి, "ఇంత పని చేశాను కదరా, స్థాయి ఏమన్నా పెరుగుతుందేమో మీ మామయ్యనడుగు" అన్నారు.

"పెరిగితే రెండవుతుంది, నాన్నా."

"అయితే వద్దులే."