రహీం సాబ్ జమానాలో ప్రెషర్ లేకుండెనా?

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' సినిమా వచ్చినప్పటి నుంచి మా మెదక్‌లో కూడా నలుగురు పోరగాళ్లు ఒకప్పటి మన దేశం ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పలుకుతున్నారు. మంచిదే. ఆయన పోయిన అరవై ఏండ్లకైనా పలికారు. కానీ సినిమా చూసి వాళ్లు నాకు చెప్పే సంగతులు వింటే ఒళ్లు మండుతుంది. రహీం వేషంలో అజయ్ దేవగణ్ సిగరెట్ ఎట్లా తాగాడు, ఆటగాళ్లతో ఎంత జోరుగా మాట్లాడాడు, రెహమాన్ సంగీతం ఎక్కడ మోగింది, ఇవే ముచ్చట్లు. పైగా ఒకడు నా మొహం మీదే అన్నాడు: "తాతా, ఇప్పుడున్నంత ప్రెషర్ మీ రోజుల్ల లేకుండె గదా!"

లేకుండెనా? 1962 సెప్టెంబర్ 4 నాటి జకార్తా సంగతి తెలిసినవాడెవడూ ఆ మాట అనడు.

ఆ ఏడు ఏషియన్ గేమ్స్ ఇండోనేషియాలో జరిగాయి. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వలేదు. అట్లాంటప్పుడు వీటిని ఏషియన్ గేమ్స్ అనడం ఎట్లా కుదురుతుందని మన దేశం తరఫున వెళ్లిన పెద్దమనిషి గురుదత్ సోంధీ అడ్డం తిరిగాడు. అంతే, ఊరు ఊరంతా మన మీద లేచింది. ఫైనల్‌కు ముందురోజు మన రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. తలపాగా చూసి గుర్తుపడతారని జర్నైల్ సింగ్‌ను బస్సులో కింద కూచోబెట్టి స్టేడియానికి తీసుకుపోయారని చెప్పుకుంటారు. లోపల లక్షమంది. అందరూ మనవాళ్లు ఓడాలని అరిచేవాళ్లే. మనకోసం గొంతెత్తింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని అప్పటివాళ్లు ఎందరో చెప్పారు. ఎదుట నిలిచింది దక్షిణ కొరియా. మొదటి మ్యాచ్‌లోనే మనల్ని 2-0తో కొట్టిన జట్టు అది.

జట్టులో కొందరి ఒళ్లు బాగాలేదు. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో జర్నైల్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక కాపు కాసేవాడు, ఆ కుట్లతో హెడ్ చేయలేడు. రహీం సాబ్ ఏం చేశాడు? ఇంటికి పంపలేదు, బెంచీ మీద కూచోబెట్టలేదు. తీసుకుపోయి ముందు వరుసలో నిలబెట్టాడు. ఎప్పుడూ గోల్ ఆపే మనిషి సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. పీ.కే. బెనర్జీది ఒకటి, జర్నైల్‌ది ఒకటి. 2-1తో బంగారు పతకం మనది. ఆ పదకొండు మందిలో గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, ముగ్గురూ మన హైదరాబాద్, సికింద్రాబాద్ గడ్డ మీద పుట్టినవాళ్లు.

నేనప్పుడు మెదక్ బడిలో చదువుతున్నాను. మా ఉర్దూ సారు సియాసత్ పేపర్ పట్టుకుని తరగతిలోకి వచ్చి ఆ వార్త చదివి వినిపించాడు. చదువుతుంటే ఆయన గొంతు వణికింది. ఆ రోజు పాఠం జరగలేదు.

సినిమావాళ్లతో నా తగాదా ఒక్కటే. వాళ్లకు ఒత్తిడి అంటే అరుపు. ఒక దుష్టుడైన పత్రికాయన కావాలి, సంఘంలో కుట్ర పన్నే పెద్దలు కావాలి, చివరన కోచ్ కళ్లెర్రజేసి ఒక ప్రసంగం కొట్టాలి. రహీం సాబ్ బడి పంతులు. పంతులు పని పరీక్ష రోజు అరవడం కాదు, ఏడాది పొడుగునా చెప్పడం. ఆయన పిల్లలకు వాటమైన కాలు వాడొద్దని పోటీలు పెట్టేవాడు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే ఆడాలి, ఎడమకాలి వాడు కుడికాలితో. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ బంద్. బంతి దొరికితే పక్కవాడికి ఇచ్చేయాల్సిందే. ఇది చిన్న ముచ్చట కాదు. ఎంతటి ఆటగాడికైనా బంతి కాలికి తగిలితే నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలనే ఉంటుంది. ఆ ఆశను చంపకుండా పక్కవాడి మీద నమ్మకం నేర్పించాలి. రోజూ ఇస్తూ ఇస్తూ ఉంటే, లక్షమంది తిడుతున్న రోజున కూడా కాలు తనంతట తానే పక్కవాడికి ఇస్తుంది. జట్టు కట్టడం అంటే నాకు తెలిసింది అదే.

ఓటమి ఆయన ఎరుగడా? 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది, మనం ఒకటి. చలిలో బూట్లు లేకుండా ఆడినవాళ్లున్నారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. ఇప్పుడైతే ఆ రాత్రికే కోచ్‌ను మార్చాలని ఫోన్లలో గోల లేస్తుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మాత్రం ఆయన్ను వదల్లేదు. 1950 నుంచి ఆయన చనిపోయేదాకా కోచ్ ఆయనే. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు ఆ జట్టుదే, పది గోల్స్ తిన్న ఆ 1952తో సహా. నాలుగేండ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు పోయాం. మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. మొదటి గోల్ మనదే, నెవిల్ డిసూజా కొట్టాడు. ఆ ముందంజ రెండు నిమిషాలే నిలిచింది. 4-1తో ఓడాం, చివరకు నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం, అందరూ మన పట్నం ఆటగాళ్లే. ఈ పేర్లు నేటి పిల్లలను అడగండి. రొనాల్డో వేసుకునే బూట్ల రంగు చెప్తారు గానీ అజీజుద్దీన్ ఎవరో చెప్పరు.

మా రోజుల్లో పైసలు లాగలేదని నేననను. కలకత్తా క్లబ్బులు లాగాయి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు, 2023లో చనిపోయేదాకా ఆ వైపే ఉండిపోయాడు. అయినా పోయినవాడు మళ్లీ దేశం జట్టులో రహీం సాబ్ ముందుకు వచ్చి నిలబడేవాడు. బలరాం అమ్ముగూడ నుంచి హైదరాబాద్ రోజూ ప్రాక్టీసుకు రావడానికి కిరాయి సైకిల్‌కు పైసలు రహీం సాబే ఇచ్చేవాడంటారు. అట్లాంటి మనిషి నిన్ను పక్కకు జరిపి వేరే జాగాలో ఆడమంటే అలుగుతావా? ఆడతావు.

ఇప్పటి సంగతి చూడండి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని క్లబ్బు వచ్చింది. మొదటి ఏడు ఆఖరి స్థానం. మనోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి దాన్ని జట్టుగా చేశాడు. నేను విదేశీవాడని వంక పెట్టను, ఆయనా ఓపిక ఉన్న పంతులే. 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద చివరి నిమిషాల్లో సమం చేసి, పెనాల్టీల్లో 3-1తో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచారు. కట్టిమణి గోల్‌కీపింగ్ చూసి నాకు తంగరాజ్ యాదికొచ్చాడు. కానీ ఆ గెలుపు గోవాలో. కరోనా పుణ్యమా అని రెండు సీజన్లు మొత్తం అక్కడే ఆడారు. ఫైనల్లో మొదట దిగిన పదకొండు మందిలో మన గల్లీల్లో ఆట నేర్చినవాడు ఒక్కడు లేడు.

ఆ తర్వాత రెండేండ్లు తిరక్కుండా ఏమైంది? జీతాలు అందలేదు. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో ఇరవై రెండు మ్యాచులకు ఒకటే గెలుపు, మళ్లీ అడుగుకే. మిగిలిన చిన్న పిల్లలను దింపి థాంగ్‌బోయ్ సింగ్టో అనే కోచ్ సీజన్ లాక్కొచ్చాడు. ఆ పిల్లలను టీవీలో చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. మైదానంలో ఒత్తిడి అయితే ఆటగాడు తట్టుకుంటాడు, దానికే పుట్టాడు వాడు. నెల తిరిగితే ఇంటికి ఏం పంపాలన్న దిగులుతో గోల్ ముందు నిలబడమంటే ఎట్లా? పోలీసు జట్టువాళ్లది చిన్న జీతమే, కానీ అది సర్కారు కొలువు. ఓడినా గెలిచినా ఒకటో తారీకు దాటితే ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధీమా ఉండేది. ఆ ధీమా మీదనే ఐదు రోవర్స్ కప్పులు వచ్చాయి.

2025 అక్టోబరులో ఆ క్లబ్బునే ఎత్తుకుపోయి ఢిల్లీలో పెట్టారు, పేరు కూడా మార్చారు. ఒక్క ధర్నా లేదు. మరి అదే ఏడు డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే వేలకు వేలు పోసి టికెట్లు కొన్నారు. మా బజారు నుంచీ పోయారు. మెస్సీ గొప్పవాడు, కాదనను. ఆయన వచ్చి కాసేపు బంతి తన్ని పోయాడు. పోయిన క్లబ్బు మనది.

మెదక్ సంగతి చెప్తాను. చర్చి శిఖరం కనబడే మైదానంలో సాయంత్రం కాగానే ఆడేవాళ్లం. గోల్‌కు రెండు రాళ్లు. తాళ్లతో కుట్టిన తోలు బంతి, వాన పడితే ఇనుప గుండంత బరువు. బ్లాడర్ పంచరైతే సైకిల్ దుకాణంలో అతికించి గాలి కొట్టించేవాళ్లం. గోల్‌కీపర్ తప్పు చేసి ఓడితే ఆ రోజు వాణ్ని ఒంటరిగా ఇంటికి పోనిచ్చేవాళ్లం కాదు. అందరం వాడి గల్లీ దాకా నడిచి దిగబెట్టి వచ్చేవాళ్లం. ఎవరూ నేర్పలేదు, అదే పద్ధతి. ఇప్పుడు మ్యాచ్ అయిపోకముందే వాడి తప్పు వీడియో వాట్సాప్ గ్రూపుకు ఎక్కుతుంది. కింద నవ్వుల బొమ్మలు. ఆ పోరడు మర్నాడు మైదానానికి రాడు. వాడిలోనే ఒక తంగరాజ్ ఉండెనేమో ఎవరికి తెలుసు!

అసలు మర్నాడు రావడానికి మైదానాలు కూడా ఎన్ని మిగిలాయి? సెలవుల్లో చూస్తే ఉన్న కాస్త జాగాలో నాలుగు క్రికెట్ ఆటలు ఒకదానిలో ఒకటి దూరి జరుగుతుంటాయి.

పిల్లల్లో దమ్ము లేదంటే నేనొప్పుకోను. పక్కనే నిజామాబాద్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశం జట్టుకు ఆడుతోంది, ఈస్ట్ బెంగాల్‌కు ఆడుతోంది. ఆ బిడ్డ పేరు మన చౌరస్తాల్లో ఎన్ని ఫ్లెక్సీల మీద ఉంది? నేను ఒక్కటీ చూడలేదు. లీడర్ల పుట్టినరోజులకు మాత్రం కరెంటు స్తంభం ఖాళీ ఉండదు.

మెదక్ బడుల వ్యాయామం సార్లను ఒకటి అడుగుతున్నాను. వచ్చే జూన్ 11 రహీం సాబ్ పోయిన రోజు. 1963లో కేన్సర్‌తో పోయాడు, జకార్తా బంగారం వచ్చిన తొమ్మిది నెలలకే. ఆ నెలలో బడులు తెరుస్తారు కదా, ఊరి బడులన్నిటికీ ఎడమకాలి పోటీ ఒకటి పెట్టండి. ఖర్చు రెండు బంతులు, ఒక విజిల్. బంతులు నేను కొనిస్తాను. ఫోన్లు మాత్రం గేటు దగ్గరే తీసుకోండి.