ఊఫర్ మనది, బేస్ పక్కింటిది

ఇబ్రహీంపట్నంలో ఇల్లు కట్టినవాడికి స్లాబు, బోరు అయ్యాక మిగిలే బాధ్యత సబ్‌ఊఫర్. నూట ఇరవై గజాల ప్లాటు, పదికి పన్నెండడుగుల హాలు, అందులో పన్నెండించుల ఊఫర్. గృహప్రవేశంనాడే పరీక్ష మొదలవుతుంది.

"బామ్మర్దీ, బేస్ ఎట్లుంది?"

"గిలాసలు ఊగుతున్నయ్ బావా!"

అంతే, సర్టిఫికెట్ వచ్చేసినట్టే. పాట ఎట్లుందని ఎవరూ అడగరు. ఆ చప్పుడులో పాట వినిపిస్తే కదా!

40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 28 అడుగులు. పన్నెండడుగుల హాలులో దానికి కాళ్లు చాపుకునే చోటెక్కడిది? బేస్ ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకుని, 47 హెర్ట్జ్ దాపుల్లో గోడల దగ్గర ఉబ్బిపోయి, నడిగదిలో నీరసిస్తుంది. నడిమధ్య సోఫా వేసుకున్న యజమాని బేస్ చాల్లేదని నాబ్ తిప్పుతాడు. మూలనున్న బీరువా తలుపులు గడగడలాడతాయి. నాలుగించుల ఇటుక గోడ మాటల్ని చాలావరకు ఆపుతుంది, బేస్‌ను మాత్రం సాగనంపుతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న పెద్దలు పొరుగింటి ఊఫర్ ఎరుగరు. ఊళ్లో ఎన్‌ఎస్‌జీ కమాండోల కేంద్రం ఉంది కాబట్టి, అర్ధరాత్రి కిటికీలు అదిరితే దేశరక్షణ కోసమేననుకుని సర్దుకుపోయే భాగ్యం మాత్రం మనకుంది.

పోనీ, చట్టముంది కదా అంటారా? ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. మన ఇంటి సౌండు ప్రహరీ దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెళ్లకు మించి దాటకూడదు. కానీ ఆ కొలత మనిషి చెవికి తగ్గట్టు తూచే 'ఏ' స్కేలులో. ఆ తూకంలో 50 హెర్ట్జ్ ధ్వనికి 30 డెసిబెళ్ల రాయితీ! అంటే 90 డెసిబెళ్ల బేస్ మీటరులో 60గా పడుతుంది. పగటిపూట పక్కింటి పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తే, మీటరు మాత్రం హాయిగా నిద్రపోతుంది. పొలాల కొలతలోనూ ఇంత ఉదారమైన సర్వేయరు దొరకడు.

ఇంతకీ ఊఫర్ అవసరమా? మగ గొంతు మామూలుగా 80 హెర్ట్జ్ కిందికి దిగదు. ఘంటసాల పాటకు మంచి ఐదారించుల స్పీకర్ల జత చాలు. సినిమాలో బాంబులు పేలాలంటే మాత్రం కావాలి, 5.1లో ఆ చివరి ఒకటి దీనికోసమే. అప్పుడైనా ఎనిమిదించులది చాలు. మూలకు నెట్టకండి, స్పీకర్లూ ఊఫరూ శబ్దాన్ని పంచుకునే క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, అదొకటి మోగుతోందని తెలియనంతగా సౌండు తగ్గించండి. తెలిసిందంటే ఎక్కువైనట్టే.

కొనేముందు షోరూమ్ వాణ్ని అడక్కండి. పక్కింటివాళ్లను అడగండి. రేపట్నుంచి వినాల్సింది వాళ్లే.