చిన్న ఊరి పెద్ద ప్లాను

మాస్టర్ ప్లాన్ అంటే రాబోయే ఇరవై ఏళ్లలో ఊరు ఎటు పెరగాలో ముందే చెప్పే పటం. పుస్తకాల్లో ఉన్న నిర్వచనం ఇది. ఆచరణలో మాత్రం, గడిచిన ఇరవై ఏళ్లలో ఊరు ఎటు పెరిగిపోయిందో ఆలస్యంగా ఒప్పుకునే పటం. ఇది నిల్వ ఉంటే పాడయ్యే సరుకు కాదు కాబట్టి మార్చడానికి ఎవరికీ తొందర ఉండదు. వరంగల్‌కు 1972 నాటి ప్లాను తర్వాత కొత్తది ఆమోదం పొందింది 2024లో. తాత పెంకుటింటికి పర్మిషన్ ఇచ్చిన ప్లానే మనవడి అపార్ట్‌మెంటుకూ ఇచ్చింది. అంత పెద్ద ఊరికే అన్నేళ్లు పడితే చిన్న మున్సిపాలిటీ ఎదురుచూడటాన్ని తప్పుపట్టలేం.

దీనికి చట్టం 1920 నాటిది. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి తెలంగాణకు తర్వాత వలస వచ్చింది. నూరేళ్లు దాటినా ఇంకా సర్వీసులోనే ఉంది.

తయారీ టెండరుతో మొదలవుతుంది. పని దక్కించుకున్న కన్సల్టెన్సీ ఉపగ్రహ చిత్రాలు తెప్పించి, ఇప్పుడు ఏ భూమిలో ఏముందో లెక్క తీసి, రంగులు వేస్తుంది. ఇళ్లకు పసుపు, పరిశ్రమకు ఊదా, ప్రభుత్వ కట్టడాలకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. వ్యాపారానికి నీలం, చెరువుకు లేత నీలం. చివరి రెండింటికీ తేడా ఒక్క ఛాయే. ప్రింటులో ఇంకు కాస్త ముదిరితే చెరువు కాంప్లెక్స్ అయిపోతుంది. ఆకాశం నుంచి చూసేవాళ్లకు పొలం ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ జాగా చూస్తే ప్లానర్‌కు చేయి దురద. వంద అడుగుల రోడ్డొకటి గీసేస్తాడు. ఆ గీత కింద ఎవరి బోరుబావి ఉందో ఉపగ్రహం చెప్పదు.

తర్వాతది ముసాయిదా ప్రకటన. పటాన్ని మున్సిపల్ ఆఫీసులో గోడకు తగిలించి, అభ్యంతరాలుంటే గడువులోగా రాసివ్వమంటారు. పటం ముందు నిలబడ్డ రైతు మొదట చేసే పని తన సర్వే నంబరు వెతకడం. అక్షరాలు ఆవగింజంత. కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి గట్టు వెంబడి నడిచినట్టే గీత వెంబడి నడుస్తాడు. ఊరి చెరువు దొరుకుతుంది, మైసమ్మ గుడి దొరుకుతుంది, అక్కడి నుంచి రెండు మడులు దాటితే తన మూడెకరాలు ఊదా రంగులో తేలతాయి. పక్కనే కుర్చీలో ఉన్న ఉద్యోగి, ఇది ముసాయిదాయే కదా, భయం దేనికంటాడు. ముసాయిదా అయినా సరే, ఊదా పడ్డ భూమికి బేరం పలకదని, బిడ్డ పెళ్లికి అరెకరం అమ్ముదామంటే కొనేవాడు దొరకడని రైతుకు తెలుసు. ఉద్యోగికీ తెలుసు.

సాధారణంగా ఈ గడువు ఎవరూ గమనించకుండానే గడిచిపోతుంది. కామారెడ్డిలో అలా గడవలేదు. 2016లో జిల్లా కేంద్రమైన ఈ పట్టణం ముసాయిదాలో, విలీనమైన పల్లెల పంట భూములు పారిశ్రామిక జోన్‌లోకి వెళ్లాయని తెలిసి 2023 జనవరిలో రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు. అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై, ఆ ప్లాను తమకొద్దని తీర్మానించింది. జగిత్యాలలోనూ ఇంచుమించు ఇదే కథ, అదే నెలలో. ప్రజల భాగస్వామ్యం కావాలని ప్రణాళికా గ్రంథాలన్నీ ఘోషిస్తుంటాయి. రెండు ఊళ్లలో జనం నిజంగానే పాల్గొనేసరికి ప్లానే మిగల్లేదు.

ఇక సంరక్షణ. కాగితం మీద ఇది చాలా గట్టిది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ వదలాలి. పది మీటర్ల వెడల్పు మించిన వాగుకూ 9 మీటర్లే. చిన్న ఊరికి చిన్న కుంటలే ఎక్కువ కాబట్టి అక్కడ పర్యావరణానికి దక్కేది ఆ తొమ్మిదే. అవైనా దక్కాలంటే హద్దు ఎక్కడో తేలాలి. చెరువు శిఖం అంచున నడుమెత్తు రాయొకటి పాతి ఉంటుంది, సున్నం కొట్టి, దాని మీద ఎర్రగా మూడక్షరాలు రాసి. మంచి వానలు పడ్డ ఏడాది నీళ్లు ఆ రాయిని దాటి వెంచర్ గేటు దాకా వస్తాయి. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోతాయి, వాటి వెంబడే రాయీ పోతుంది. రాళ్లకు కాళ్లుంటాయని ఏ సర్వే మాన్యువల్లోనూ లేదు కాబట్టి దీనిమీద విచారణ ఉండదు. రాయి నడిచిపోయిన దారిలో లేక్ వ్యూ పేరుతో ప్లాట్లు లేస్తాయి. చెరువు పూడిపోయాక కూడా ఆ పేరు మారదు. ఇలాంటివి చూసుకోవడానికి హైదరాబాద్‌కు 2024లో హైడ్రా వచ్చింది గానీ, దాని బుల్డోజరు పరిధి అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర ఆగిపోతుంది. అవతలి ఊళ్లకు నోటీసులే దిక్కు.

పాత కట్టడాల సంరక్షణ గురించి చెప్పాల్సింది తక్కువ, ఎందుకంటే జరిగేదీ తక్కువే. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు ఏమీ కట్టకూడదు. ఆ జాబితాకెక్కని గడీలకు, మెట్ల బావులకు వర్షమే సంరక్షకుడు. అదే కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకు మాత్రం 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. బాగుచేయించింది సంస్థాన వారసులు.

ప్లాను ఆమోదం పొందాక అసలు పని మొదలవుతుంది, అంటే మార్చడం. ఫలానా సర్వే నంబర్లను కన్జర్వేషన్ జోన్ నుంచి నివాస జోన్‌లోకి మార్చదలిచామని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తుంది. అభ్యంతరాలు చెప్పడానికి 15 రోజులు. గెజిట్ చదివే అలవాటున్న పక్షులు ఆ చెట్ల మీద లేకపోవడంతో అభ్యంతరాలు రావు. కొన్నేళ్లకు పటంలోని ఆకుపచ్చ, చిమ్మెటలు కొరికిన శాలువాలా తయారవుతుంది.

ఈ దారి కూడా పట్టనివాళ్ల కోసం అక్రమ లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం, ఎల్ఆర్ఎస్ ఉంది. లేఅవుట్ వేసేటప్పుడు పది శాతం స్థలం ఖాళీగా వదలాలి. వదలకుండానే ప్లాట్లు అమ్మేసి ఉంటే, కొన్నవాళ్లు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కడితే సరిపోతుంది. పిల్లలు ఆడుకోవాల్సిన పార్కుకు బదులు బీరువాలో రసీదు ఉంటుంది. 2020లో ఈ పథకానికి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో ఫీజులో పాతిక శాతం రాయితీ కూడా ఇచ్చారు. నిబంధన పాటించి పార్కు వదిలినవాళ్లకు మాత్రం ఏ రాయితీ ప్రకటించలేదు.

ముసాయిదా రద్దయిన ఊళ్లో పాత ప్లానే నడుస్తుంది. కొత్తది కావాలంటే మళ్లీ టెండరు, మళ్లీ సర్వే. ఈసారి డ్రోన్లు ఎగరేస్తారు. ఈ మధ్యలో వెలిసిన వెంచర్లు గేట్లతో, కరెంటు స్తంభాలతో సహా ఫోటోల్లో స్పష్టంగా పడతాయి. ప్రస్తుత భూవినియోగం కింద వాటికి పసుపు వేస్తారు.