బ్యాంకు గట్టిదేనా? శావల్యాపురం వాళ్లకు కొన్ని చిట్కాలు

మిరపకాయలు గుంటూరు యార్డులో అమ్ముడుపోయి డబ్బు చేతికొచ్చింది. సహకార బ్యాంకులో వేద్దామా, సొసైటీలో వేద్దామా అనుకుంటున్నారు. ముందుగా చూడాల్సింది చైర్మన్ గారి బండి. బొలెరో అయితే ఫర్వాలేదు. ఇన్నోవా అయితే కళ్లు మూసుకుని వేసేయండి. ఎవరి డబ్బుతో కొన్నారని అడగడం మర్యాద కాదు.

తర్వాత వడ్డీ. స్టేట్ బ్యాంకు వాళ్లు నెలకు నూటికి అర్ధరూపాయి దగ్గరే తచ్చాడుతుంటే ఇక్కడ రూపాయి ఇస్తామన్నారంటే వీళ్ల దగ్గర డబ్బు మూలుగుతోందన్నమాట. డబ్బుకు కటకటలాడేవాడే ఎక్కువ వడ్డీ ఆశ చూపిస్తాడని రిటైరైన మాస్టారొకరు అంటుంటారు. ఆయన చీటీపాట దగ్గరా అంతే, అపశకునం.

ఆస్తి అప్పుల పట్టీ జోలికి పోవద్దు. తప్పదనుకుంటే లాభం అంకె చూసి మడిచేయండి. మొండి బకాయిలెన్ని, మూలధనం రిజర్వు బ్యాంకు చెప్పినట్టు నూటికి 9 అయినా ఉందా (పెద్ద పట్టణ బ్యాంకులకైతే 12) అని వెతకడానికి మనమేమన్నా ఇన్‌స్పెక్టర్లమా? ముంబై పీఎంసీ బ్యాంకు పట్టీ కూడా ముచ్చటగానే ఉండేది. ఒక్క బిల్డరు గ్రూపు అప్పును 21,049 దొంగ ఖాతాల వెనక దాచిన సంగతి 2019 సెప్టెంబరులో బయటపడింది. ఆరు నెలల్లో వెయ్యి రూపాయలకు మించి తీయొద్దని రిజర్వు బ్యాంకు మొదట హుకుం వేసింది. అంటే పట్టీలు అబద్ధం, చైర్మన్ నవ్వు నిజం. ఆడిటరు సీ గ్రేడు ఇచ్చినా దిగులొద్దు. మనం పదో తరగతి అలా గట్టెక్కినవాళ్లమే.

మహాజన సభకు మాత్రం తప్పక వెళ్లండి, భోజనానికి. కార్యదర్శి లెక్కలు చదివే ఘట్టం సరిగ్గా సాంబారు వడ్డించే వేళకొస్తుంది. “ఆమోదమేనా?” అనగానే చెయ్యెత్తాలి, ముద్ద కలిపిన చెయ్యి కాదు, రెండోది. ఎవరైనా లేచి డైరెక్టర్ల బంధువులకు ఎంత అప్పిచ్చారని అడిగితే, పెరుగు ఇటు పంపమని గట్టిగా కేకెయ్యండి.

బ్యాంకు మునిగితే మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా వస్తుంది, 2020 ఫిబ్రవరి నుంచి. అంతకుముందు లక్షే. ఊళ్లో సొసైటీకి అది వర్తించదు. పేరు చివర బ్యాంకని తగిలించుకున్న పొదుపు సంఘాలకూ వర్తించదు. ఆ ముక్క అడిగి తెలుసుకోవచ్చు గానీ, కౌంటర్లో ఉన్న బాబాయి “ఏరా, మా మీద నమ్మకం లేదా?” అంటే మొహం ఎక్కడ పెట్టుకుంటారు? 15 లక్షలుంటే మూడు బ్యాంకుల్లో పంచొద్దు. మూడు పాసుపుస్తకాలు బీరువాలో వెతుక్కోవడం యాతన.

2001లో కృషి బ్యాంకు కూలిందని భయపెడతారు. అది హైదరాబాదు. 2024 నవంబరులో దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సు రద్దయిందంటారు. అది విజయవాడ, కృష్ణకు ఆవలి ఒడ్డు.

ఇక డబ్బు తీసుకోవడానికి వెళ్తే “సర్వరు పనిచేయట్లేదు, సోమవారం రండి” అంటారు. సోమవారమే వెళ్లండి. ఆ రోజూ అదే మాటంటే ఏ సోమవారమో వాళ్లు చెప్పలేదు కదా, పై సోమవారం మళ్లీ వెళ్లండి. పోతూ పోతూ తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లండి, వాడి పేరునా డిపాజిట్ వేయిస్తే వడ్డీలో పావలా కలిపిస్తారట.