చెరువుమన్ను ఆత్మకథ

ఓరుగల్లు సీమలోని ఒక చెల్కనేల వాలుపై, జొన్నవేళ్లకు పట్టుకొమ్మనై, ఎండుటాకులను పశువుల ఎరువును నాలో జీర్ణించుకొనుచు నేను చిరకాలము వసించితిని. శిల చివికి, తృణములతోడను క్రిములతోడను సహవాసము చేసి, అంగుళము మందపు పైమన్నుగా పరిణమించుటకు శతాబ్దములు పట్టును. అట్టి నన్ను నెలవు తప్పించుటకు ఒక్క తొలకరివాన చాలినది.

పైరుగాని ఆకుకప్పుగాని లేక ఎండకు బోడియైయున్న నేలపై చినుకు పడినంతనే మన్నుబెడ్డలు చిట్లి రేణువులై ఎగసినవి. ఆ చేనిని వాలు వెంబడి దున్నియుండుటచే ప్రతి నాగటిచాలును వాననీటికి కాలువయయ్యెను. నీరు మన్నునంతటిని సమముగా కొనిపోదు. బరువైన ఇసుకను చేనిలోనే విడిచి, సన్నని బంకమట్టిని, దానినంటియున్న జీవపదార్థమును, భాస్వరమును ముందుగా ఏరుకొని పోవును. కావుననే చేను కోల్పోయినది కొలతకు కొంచెమైనను సారమునకు మిక్కిలి అధికము. మన దేశమున ఏటేటను హెక్టారుకు సగటున 16 టన్నులకు మించిన మన్ను కదలిపోవుచున్నదనియు, అందు నూటికి 29 పాళ్లు సముద్రము పాలగుననియు, 10 పాళ్లు జలాశయములలో అడుగంటుననియు 1983లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. సముద్రము చేరిన మన్నునకు తిరుగుదారి లేదు. నేను చెరువు చేరితిని. అది నా భాగ్యము.

వాగునీటి వడి తగ్గిన చోటనే ఇసుక దిగబడగా, నావంటి సన్నని రేణువులు కట్ట దాపున, తూము ఎదుట, నెమ్మదిగా అడుగంటినవి. మేము చేరిన కొలదియు చెరువు లోతు తగ్గెను. చేనికి నష్టము చేసిన వానయే చెరువునకును చేటు తెచ్చినది.

ఎండకాలమున చెరువెండినపుడు రైతులు బండ్లు కట్టుకొని మన్ను తోలుకొనుట తాతముత్తాతల నాటి వాడుక. ఆ వాడుక సన్నగిల్లిన పిమ్మట, 2015లో తెలంగాణమున 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేయు సంకల్పముతో మిషన్ కాకతీయ అను ప్రభుత్వ పథకము ఆరంభమైనపుడు, పూడికతోపాటు నేనును వెలుపలికి వచ్చితిని. నన్ను కోరి వచ్చినవారు చెల్కల రైతులు, దుబ్బనేలల రైతులు. ఇసుకపాలు హెచ్చుగా గల ఆ నేలలు పట్టి నిలుపజాలని తేమను నేను నిలుపుదును. వాన వెనుకబడిన దినములలో పైరు వెంటనే వాడకుండుటకు ఈ బంకయే కారణము. నల్లరేగడికి బంక స్వభావసిద్ధము గనుక నాతో దానికి అంత పనిలేదు. చౌడు కలిసిన పూడికను మాత్రము పరీక్షింపక ఏ చేనికిని తోలరాదు.

వారిలో నన్ను తన చేనికి తోలుకొనివచ్చిన రైతు కుప్పలుగా విడువక పలుచగా పరచి, దున్ని కలిపెను. వాలునకు అడ్డముగా చాళ్లు తీసి, గట్టుపై గడ్డి నాటి, జొన్నతో కంది కలిపి విత్తెను. జొన్న కోసిన తరువాతను కంది నిలిచి నేలను కప్పియుండును గనుక, ఇచట నిలిచెదనను ధైర్యము నాకు కలిగినది. అయినను ఎగువ చేలు నేటికిని వాలు వెంబడి దున్నబడుచునే యున్నవి. అచటి నా బంధువులు ప్రతి వానకును అదే వాగు పట్టుచున్నారు. చెరువులో పూడిక తీయించినవారు ఆ చేలకును పోయి, గట్లు వేయించి, అడ్డసాళ్లు దున్నించవలెనని వేడుకొనుచున్నాను.